రోజుకు ఎన్ని గ్రాముల మేత? చేప పిల్లలతో ఆకుకూరలు పండించే లెక్క

వెయ్యి లీటర్ల ట్యాంకులో 2 గ్రాముల తిలాపియా పిల్లల్ని 500 వదిలారనుకుందాం. మొదటి రోజు వాటికి 80 గ్రాముల మేత చాలు. ఆరు వారాలకు ఒక్కోటి 20 గ్రాములకు ఎదిగితే రోజుకు 400 గ్రాములు కావాలి. ఇంకా అదే ట్యాంకులో ఉంచి 50 గ్రాముల దాకా పెంచితే 875 గ్రాములు. చేపల సంఖ్య మారలేదు, ట్యాంకు మారలేదు. మేత మాత్రం దాదాపు 11 రెట్లు పెరిగింది.

చెరువులో చేపలు పెంచేవారికి ఇదేమంత పెద్ద విషయం కాదు, మేత బస్తాలు ఎక్కువ కొంటారు, అంతే. ఆ చేపల నీళ్లతోనే ఆకుకూరలు పండించే ఆక్వాపోనిక్స్‌లో మాత్రం మేత మారితే అన్నీ మారతాయి. మేతను బట్టి నీళ్లలో అమ్మోనియా, అమ్మోనియాను బట్టి ఫిల్టరు, దాన్నిబట్టి నైట్రేటు, నైట్రేటును బట్టి కూరమడి విస్తీర్ణం. ఎన్ని చేపలు వేశారు, ఎన్ని మొక్కలు నాటారు అన్నది తర్వాతి మాట. రోజుకు ఎన్ని గ్రాముల మేత నీళ్లలో పడుతోంది అన్నదే మొదటి లెక్క. ఎదిగే చేప పిల్లల విషయంలో ఆ అంకె వారానికోసారి మారుతుంది. కష్టమంతా అక్కడే.

మేత నుంచి ఆకు దాకా

చేప తిన్న మేతలోని ప్రోటీన్ కొంత ఒంటికి పడుతుంది. మిగిలిన ప్రోటీన్‌లోని నత్రజని చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. అది చేపకు విషం. ఫిల్టరులోని రాళ్లనూ క్లే బంతులనూ అంటిపెట్టుకుని బతికే ఒక రకం బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. ఇది చేపకు పెద్దగా హాని చేయదు, మొక్కకు మాత్రం కడుపునిండా తిండి. మొక్కలు నైట్రేటు తీసుకున్నాక ఆ నీళ్లు తిరిగి చేపల ట్యాంకుకు చేరతాయి.

మరి ఎంత మేతకు ఎంత మడి? ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్‌ఏఓ, చిన్న తరహా ఆక్వాపోనిక్స్ మీద 2014లో ఒక సాంకేతిక గ్రంథం వెలువరించింది. ఆకుకూరలైతే చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత, టమాటా, వంగ లాంటి కాయగూరలైతే 50 నుంచి 80 గ్రాములు అన్నది అందులో చెప్పిన కొలత. కాయ కాసే మొక్కకు ఆకలి ఎక్కువ. అందుకే మేత ఇంకా తక్కువగా ఉండే చేప పిల్లల దశకు ఆకుకూరలే సరైన జోడీ.

ఇక్కడొక చిన్న మెలిక ఉంది. ఎఫ్‌ఏఓ చెప్పినది సుమారు 32 శాతం ప్రోటీన్ ఉన్న మేతకు సరిపోయే లెక్క. చేప పిల్లలకు పెట్టే పొడి మేతలో, చిన్న గుళికల్లో ప్రోటీన్ 40 శాతం దాకా ఉంటుంది. 50 గ్రాముల 32 శాతం మేతలో ప్రోటీన్ 16 గ్రాములు. 40 గ్రాముల 40 శాతం మేతలోనూ 16 గ్రాములే. అంటే పిల్లల మేత 40 గ్రాములు పెద్ద చేపల మేత 50 గ్రాములకు సమానం. అందుకని ఈ కథనంలో చదరపు మీటరుకు 40 గ్రాముల లెక్కే పట్టుకుందాం.

ఆ ప్రకారం మన 500 పిల్లలకు మొదటి రోజు 2 చదరపు మీటర్ల మడి చాలు. 20 గ్రాముల దశకు 10 చదరపు మీటర్లు కావాలి. 50 గ్రాముల దశకు దాదాపు 22. మొదటి రోజే 10 చదరపు మీటర్లు నాటితే మొక్కలు తిండి లేక పాలిపోతాయి. 2 చదరపు మీటర్లతో సరిపెట్టుకుంటే ఆరో వారానికి నీళ్లలో నైట్రేటు పేరుకుపోతుంది. ఎదిగే పిల్లలున్న ఇంట్లో బియ్యం లెక్క ఏటా మారినట్టు ఇక్కడ వారం వారం మారుతుంది.

వారం వారం మేత

చేప ఎంత చిన్నదైతే దాని ఒంటి బరువుతో పోలిస్తే అంత ఎక్కువ తింటుంది. తిలాపియాకు సాధారణంగా వాడే మేత పట్టికలు ఇలా ఉంటాయి: 1 నుంచి 5 గ్రాముల పిల్లకు రోజుకు ఒంటి బరువులో 10 నుంచి 6 శాతం, 5 నుంచి 20 గ్రాముల దాకా 6 నుంచి 4 శాతం, 20 నుంచి 100 గ్రాముల దాకా 4 నుంచి 3 శాతం. శాతం తగ్గుతూ వస్తుంది, కానీ ఒంటి బరువు అంతకంటే వేగంగా పెరుగుతుంది కాబట్టి మొత్తం మేత పెరుగుతూనే ఉంటుంది.

2 గ్రాముల పిల్ల ఆరు వారాల్లో 20 గ్రాములకు చేరుతుందనుకుని, 500 పిల్లలున్న ఒక ట్యాంకుకు లెక్క కడితే రోజువారీ మేత దాదాపు ఇలా వస్తుంది.

వదిలిన రోజు: పిల్ల బరువు 2 గ్రాములు, మేత 80 గ్రాములు
1 వారానికి: 3 గ్రాములు, మేత 110 గ్రాములు
2 వారాలకు: 4.3 గ్రాములు, మేత 135 గ్రాములు
3 వారాలకు: 6.3 గ్రాములు, మేత 180 గ్రాములు
4 వారాలకు: 9.3 గ్రాములు, మేత 235 గ్రాములు
5 వారాలకు: 13.6 గ్రాములు, మేత 305 గ్రాములు
6 వారాలకు: 20 గ్రాములు, మేత 400 గ్రాములు

సగటు తీస్తే రోజుకు 200 గ్రాములు. 42 రోజులకు సుమారు 8.4 కిలోల మేత. ఈలోగా చేపలు పెరిగిన బరువు 9 కిలోలు. పెట్టిన మేత కంటే పెరిగిన బరువు ఎక్కువెలా అవుతుందని అనుమానం రావచ్చు. మేత పొడిగా ఉంటుంది, చేప ఒంట్లో మూడు వంతులు నీరే. పైగా చిన్నప్పుడు తిన్నది తిన్నట్టు ఒంటబడుతుంది. పెద్దయ్యేకొద్దీ ఈ నిష్పత్తి చెడుతుంది.

ఇది చేపలేవీ చనిపోకుండా, నీళ్లు వెచ్చగా ఉండి, పిల్లలు ఆరోగ్యంగా ఎదిగితే వచ్చే లెక్క. తిలాపియాకు 27 నుంచి 30 డిగ్రీల వేడి బాగా సరిపోతుంది. 20 డిగ్రీల దిగువన మేత తగ్గిస్తుంది. 17 డిగ్రీల దిగువన దాదాపు మానేస్తుంది. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, ఏజెన్సీ ప్రాంతాల్లో చలికాలం ఈ ఆరు వారాలు ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. అందుకే పట్టిక గోడకు అంటించి ఊరుకుంటే చాలదు. వారానికోసారి ఓ యాభై పిల్లల్ని వలతో పట్టి, నీళ్ల బకెట్టులో తూచి, సగటు తీసి మేత సరిచేయాలి. మన దగ్గర చేప పిల్లల్ని మిల్లీమీటర్లలో, అంగుళాల్లో కొలిచి వెయ్యికింత అని కొనడం అలవాటు. ఈ పనికి పొడవు చాలదు, తూకం కావాలి.

ఒక ట్యాంకా, మూడు ట్యాంకులా?

ఒకే ట్యాంకుతో మేత 80 నుంచి 400 గ్రాముల దాకా ఊగుతుంది. అంటే ఐదు రెట్లు. కొత్త బ్యాచ్ వేసిన రోజు మళ్లీ 80కి పడిపోతుంది. ఈ ఊపుకు తగ్గట్టు ఏ మడినీ నిలపలేం. పిల్లల్ని ఒకేసారి వేయకుండా విడతలుగా వేయడమే దీనికి మందు.

రెండు ట్యాంకులు పెట్టి మూడు వారాల తేడాతో పిల్లల్ని వదిలితే మొత్తం మేత 260 నుంచి 580 గ్రాముల మధ్య తిరుగుతుంది, అంటే 2.2 రెట్లు. మూడు ట్యాంకులు పెట్టి రెండేసి వారాల తేడాతో వదిలితే 450 నుంచి 770 మధ్య, 1.7 రెట్లు. సగటు 600 గ్రాములు. ఆ సగటుకు 15 చదరపు మీటర్ల మడి వేస్తే చదరపు మీటరుకు మేత 30 గ్రాముల నుంచి 51 గ్రాముల మధ్య ఉంటుంది. ఆకుకూరలు ఈ మాత్రం హెచ్చుతగ్గులను తట్టుకుంటాయి.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూపించింది అమెరికా అధీనంలోని వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయం. కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ దీవిలో జేమ్స్ రకోసీ బృందం దశాబ్దాల పాటు నడిపిన వ్యవస్థలో ఒక్కోటి 7.8 ఘనపు మీటర్ల చేపల ట్యాంకులు నాలుగు, తేలే పలకల మీద మొక్కలు పెరిగే పొడవాటి తొట్లు ఆరు ఉండేవి. మడి విస్తీర్ణం 214 చదరపు మీటర్లు, మొత్తం నీళ్లు 110 ఘనపు మీటర్లు. చేప 24 వారాలు పెరిగేది. నాలుగు ట్యాంకులూ ఆరేసి వారాల తేడాతో నడిచేవి కాబట్టి ఆరు వారాలకోసారి ఒక ట్యాంకు పట్టుబడికి వచ్చేది. రోజువారీ మేత చదరపు మీటరుకు 60 నుంచి 100 గ్రాములు. అక్కడ గట్టి వ్యర్థాన్ని ఎప్పటికప్పుడు తీసేసేవారు కాబట్టి ఎఫ్‌ఏఓ కొలత కంటే ఎక్కువ మేత పట్టింది.

గమనించాల్సిన విషయం ఇంకొకటి. ఆ ట్యాంకుల్లోకి వదిలే నైల్ తిలాపియా పిల్ల సగటు బరువు అప్పటికే 79 గ్రాములు, ఎర్ర తిలాపియా అయితే 59 గ్రాములు. అంటే పసిదశ అంతా మరోచోట గడిచేది. పెద్ద వ్యవస్థ నిలకడగా నడిచిందంటే, ఒంటి బరువు పదింతలయ్యే తొలి వారాల గొడవను బయట ఉంచడం కూడా ఒక కారణం. మనం ఆ పసిదశతోనే ఆకుకూరలు పండించాలనుకుంటున్నాం. అందుకే మనకు విడతల లెక్క మరింత అవసరం.

మొక్కలూ విడతలుగానే

చేప పిల్లకున్న చిక్కే మొక్కకూ ఉంది. నిన్న నాటిన నారు తినేది నామమాత్రం. కోతకొచ్చిన మొక్క ఎంత ఇచ్చినా తాగేస్తుంది. మడంతా ఒకేరోజు నాటితే మొదటి వారం నైట్రేటు మిగిలిపోతుంది, నాలుగో వారం చాలదు.

సెయింట్ క్రాయ్‌లో తులసి జాతికి చెందిన బేసిల్‌తో దీన్ని పరీక్షించారు. మడంతా ఒకేసారి నాటి కోస్తే ఏడాదికి చదరపు మీటరుకు 25 కిలోల దిగుబడి అంచనా వచ్చింది. విడతలుగా నాటితే 23.4 కిలోలు. మామూలు నేలలో పండించినదానికి 7.8 కిలోలు. ఒకేసారి నాటిన మడిలో దిగుబడి కాస్త ఎక్కువ కనిపించినా మొక్కల్లో పోషకాల లోపం బయటపడింది. నిలకడగా నడవాలంటే విడతల సాగే మేలని తేలింది.

మన 15 చదరపు మీటర్ల మడిలో చదరపు మీటరుకు 20 మొక్కల చొప్పున 300 మొక్కలు పడతాయి. రెండు మూడు వారాల నారును కోకోపీట్ ట్రేలో పెంచి, తర్వాత నాలుగు వారాలు నీటిమడిలో ఉంచితే, వారానికి 75 మొక్కలు నాటాలి, 75 కోయాలి. ఒక్కో మొక్క 100 గ్రాములు తూగినా వారానికి ఏడున్నర కిలోల ఆకు.

ఏ ఆకు వేయాలి? యూట్యూబ్ వీడియోల్లో కనిపించే లెట్యూస్‌కు చల్లదనం కావాలి. మన మార్చి ఎండకే అది పూతకు లేచి ఆకు చేదెక్కుతుంది. తిలాపియా కోరే వేడిలో హాయిగా పెరిగేవి తోటకూర, బచ్చలి, తూటికూర. తూటికూర నీటి మొక్కే కాబట్టి చెప్పనక్కర్లేదు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికాలానికి దాచుకోండి. పుదీనా, బచ్చలి, తూటికూర కోసినకొద్దీ చిగురిస్తాయి. వాటి ఆకలి కొత్త నారులా సున్నా నుంచి మొదలవదు కాబట్టి మడిలో నాలుగో వంతు వాటికిస్తే నైట్రేటు ఊపు ఇంకా తగ్గుతుంది.

ప్రాణం తీసే అంకె

మొక్క పాలిపోతే వారం ఆగి సరిదిద్దుకోవచ్చు. అమ్మోనియా అంత గడువివ్వదు. మూడు ట్యాంకుల్లో మేత గరిష్ఠంగా 770 గ్రాములున్న రోజు లెక్క చూడండి. అందులో 40 శాతం అంటే 308 గ్రాముల ప్రోటీన్. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 49 గ్రాములు. అందులో దాదాపు 61 శాతం నీళ్లలోకి వస్తుందని ఎఫ్‌ఏఓ లెక్క. అంటే 30 గ్రాముల నత్రజని అమ్మోనియా రూపంలో, ఒక్క రోజులో.

ట్యాంకుల్లో 3,000 లీటర్లు, అడుగు లోతున్న మడిలో 4,500, ఫిల్టర్లలో 500, కలిపి 8,000 లీటర్లు అనుకుందాం. ఫిల్టరు పనిచేయకపోతే రోజు తిరిగేసరికి అమ్మోనియా లీటరుకు 3.8 మిల్లీగ్రాములు. ఇందులో అంతా విషం కాదు. అయాన్‌గా మారని భాగమే చేపను దెబ్బతీస్తుంది. అదెంత అన్నది పీహెచ్ చెబుతుంది. నీళ్లు 30 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విష భాగం 0.8 శాతం, పీహెచ్ 8 అయితే 7.5 శాతం, పీహెచ్ 9 అయితే దాదాపు 45 శాతం.

ఆ 3.8 మిల్లీగ్రాముల్లో విష భాగం పీహెచ్ 7 దగ్గర 0.03, పీహెచ్ 8 దగ్గర 0.28. తిలాపియాకు ఈ భాగం 0.08 మిల్లీగ్రాములు చేరేసరికే ఆకలి మందగించడం మొదలవుతుంది. 0.2 దాటి వారాల తరబడి కొనసాగితే చావులు మొదలుకావచ్చు, ముందు పోయేవి పిల్లలే. కాబట్టి అవే చేపలు, అదే మేత, అవే నీళ్లు ఉన్నా పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ముప్పు తొమ్మిది రెట్లు పెరుగుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల పీహెచ్ ఏడున్నర పైనే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టినవారి ట్యాంకుల్లో పిల్లలు మొదటి వారంలోనే మేత ముట్టకపోవడానికి, పొద్దున్నే తేలిపోవడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

ఫిల్టరు ఎంత ఉండాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. 30 గ్రాముల నత్రజని అంటే 36 గ్రాముల అమ్మోనియా. బ్యాక్టీరియా అంటుకున్న ఉపరితలం చదరపు మీటరుకు రోజుకు 0.57 గ్రాములను మార్చగలదని ఎఫ్‌ఏఓ తీసుకున్న అంకె. అంటే 63 చదరపు మీటర్ల ఉపరితలం. ఘనపు మీటరుకు 250 చదరపు మీటర్ల ఉపరితలం ఇచ్చే కాల్చిన క్లే బంతులైతే 250 లీటర్లు. దీనికి రెట్టింపు, 500 లీటర్లు పెట్టుకోవడం తెలివైన పని. సగటు మేతకు కాకుండా గరిష్ఠ మేతకే ఫిల్టరు లెక్క కట్టాలి. మొక్కలు కూడా అమ్మోనియా తీసుకుంటాయి కదా అని తగ్గించొద్దు. ఎప్పుడైనా తెగులొచ్చి మడంతా పీకేయాల్సి వస్తే ఆ రోజు చేపల్ని కాచేది ఫిల్టరొక్కటే.

ముందు బ్యాక్టీరియా, తర్వాతే పిల్లలు

ఫిల్టరు కొన్న రోజున అది ఖాళీ డబ్బా. బ్యాక్టీరియా స్థిరపడటానికి వెచ్చని నీళ్లలో 25 నుంచి 40 రోజులు పడుతుంది. ఈ గడువులో చేపలు లేకుండా కొద్దికొద్దిగా అమ్మోనియా కలుపుతూ లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఉండేలా చూసి, టెస్ట్ కిట్టుతో కొలుస్తూ పోవాలి. ముందు అమ్మోనియా ఎక్కి దిగుతుంది, తర్వాత నైట్రైటు ఎక్కి దిగుతుంది, చివరికి నైట్రేటు కనిపిస్తుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ లీటరుకు 1 మిల్లీగ్రాము దిగువకు వచ్చి అక్కడే నిలిచాకే పిల్లలు రావాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి రెండు రోజులు గాలి కొట్టి వాడాలి. లేదంటే క్లోరిన్ చంపేది ఈ బ్యాక్టీరియానే.

బ్యాక్టీరియా కూడా ఊపిరి పీలుస్తుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మన గరిష్ఠ రోజున ఫిల్టరొక్కటే 137 గ్రాములు తీసుకుంటుంది. చేపల వాటా వేరు. 30 డిగ్రీల నీళ్లలో పట్టే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు మించదు. చేపలకు 5 కంటే తగ్గకూడదు. మధ్యలో ఉన్న నిల్వ రెండున్నర మిల్లీగ్రాములే. పైగా కిలో బరువుకు పెద్ద చేపల కంటే పిల్లలే ఎక్కువ ఆక్సిజన్ వాడతాయి. కరెంటు పోతే తట్టుకునే వ్యవధి తక్కువ కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

అదే మార్పిడిలో గ్రాము నత్రజనికి 7.14 గ్రాముల సున్నపురాయితో సమానమైన క్షారత ఖర్చవుతుంది. 30 గ్రాములకు గరిష్ఠంగా 214 గ్రాములు. మొదట్లో ఎక్కువగా ఉన్న పీహెచ్ నెలలు గడిచేకొద్దీ దిగిపోవడానికి కారణం ఇదే. చేప, మొక్క, బ్యాక్టీరియా ముగ్గురికీ రాజీ కుదిరేది 6 నుంచి 7 మధ్య. 6 దిగువకు జారితే బ్యాక్టీరియా మందగిస్తుంది. సెయింట్ క్రాయ్‌లో పీహెచ్ దిగినప్పుడల్లా కాల్షియం హైడ్రాక్సైడు ఒకసారి, పొటాషియం హైడ్రాక్సైడు ఒకసారి మార్చి మార్చి కలిపేవారు. దీంతో పీహెచ్ నిలవడమే కాదు, చేప మేతలో మొక్కకు చాలని కాల్షియం, పొటాషియం కూడా అందేవి. మూడో లోటు ఇనుము. మూడు వారాలకోసారి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున కలిపేవారు. మన 8,000 లీటర్లకు అది 16 గ్రాముల ఇనుము. 6 శాతం ఇనుమున్న చీలేటెడ్ పొడి అయితే సుమారు 267 గ్రాములు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపమే.

మందుల విషయంలో చేతులు కట్టేసినట్టే. చేపకు యాంటీబయాటిక్ వేస్తే ఫిల్టరు చస్తుంది. ఆకు మీద పురుగుమందు కొడితే నీళ్లలో పడి చేప చస్తుంది. వేపనూనె కూడా చేపలకు మంచిది కాదు. దోమతెర, పసుపు జిగురు అట్టలు, చేత్తో ఏరేయడం, అంతే.

ఏ చేప?

తిలాపియానే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం దానిమీద ఉన్నన్ని అంకెలు మరో చేప మీద లేకపోవడమే. అయితే మన దేశంలో దానికొక చరిత్ర ఉంది. 1952లో తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఎక్కడపడితే అక్కడ పిల్లలు పెట్టి చెరువులు నింపేయడంతో 1959లో దాన్ని పెంచడాన్ని నిషేధించారు. ఇప్పుడు పెంచేది మేలురకం గిఫ్ట్ తిలాపియా, అదీ అన్నీ మగవే ఉండే పిల్లలు. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం ఈ రకం కోసం 2011లో విత్తన కేంద్రం నెలకొల్పింది. అనుమతి ఉన్న హేచరీ నుంచే తెచ్చుకోవాలి, ట్యాంకు నీళ్లు కాలువలోకి వదలకూడదు.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను గాలి పీల్చగలదు కాబట్టి కరెంటు కోతకు అంతగా భయపడదు, ధరా బాగుంటుంది. కానీ దాని పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి. వారానికోసారి పెద్దవాటిని, చిన్నవాటిని వేరుచేయాలి. గుళికల మేతకు అలవాటు పడ్డ పిల్లల్నే కొనాలి. శీలావతి, బొచ్చె చెరువులో హాయిగా పెరుగుతాయి. ఇరుకు ట్యాంకు వాటికి ఇల్లు కాదు.

లాభం మాటేమిటి?

15 చదరపు మీటర్ల మడి, మూడు ట్యాంకులు ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే రెండు వారాలకోసారి ఒక బ్యాచ్, ఏడాదికి 26. పదో వంతు చావులు తీసేస్తే బ్యాచ్‌కు 450, మొత్తం 11,700 పిల్లలు. వారానికి 75 మొక్కల ఆకు. నీళ్లు మాత్రం నిజంగా ఆదా. సెయింట్ క్రాయ్‌లో రోజుకు మొత్తం నీళ్లలో 1.5 శాతమే కొత్తగా కలిపేవారు. మన వ్యవస్థకు అది 120 లీటర్లు. కరెంటు వైపు చూస్తే 100 వాట్ల మోటారు, 60 వాట్ల గాలి పంపు రాత్రింబగళ్లు తిరిగితే రోజుకు 3.84 యూనిట్లు, నెలకు 115.

ప్రపంచవ్యాప్తంగా 257 మంది వాణిజ్య ఆక్వాపోనిక్స్ సాగుదారులను ప్రశ్నించిన ఒక సర్వే 2015లో అచ్చయింది. గడిచిన ఏడాది లాభం వచ్చిందన్నవారు 31 శాతమే. సర్వేలో పాల్గొన్న మొత్తం సాగుదారుల్లో 69 శాతం మంది తిలాపియా పెంచుతున్నారు, 81 శాతం మంది బేసిల్ పండిస్తున్నారు. ఈ అంకె చూసి భయపడనక్కర్లేదు, కానీ చేపా మొక్కా రెండూ ఉన్నాయి కాబట్టి రెండు ఆదాయాలు అనుకోవడం మాత్రం తొందరపాటు. అమ్ముడుపోని చేప పిల్ల ట్యాంకులోనే ఉండి తింటూ ఉంటుంది. 500 పిల్లలు 50 గ్రాములకు చేరితే బరువు 25 కిలోలు. వెయ్యి లీటర్లకు 10 నుంచి 20 కిలోల చేపలే ఉండాలన్న హద్దు దాటిపోతుంది. ఆ ఒక్క ట్యాంకు మేతే 875 గ్రాములు, మూడు ట్యాంకుల గరిష్ఠం 770 కంటే ఎక్కువ. ఒక్క బ్యాచ్ కొనేవాడు రాకపోతే మొత్తం ఫిల్టరు లెక్క తప్పుతుంది.

అందుకే ఈ లెక్కను చేపల వైపు నుంచి కాకుండా అమ్మకం వైపు నుంచి మొదలుపెట్టాలి. మీ అపార్ట్‌మెంటులో వారానికి 25 మొక్కల ఆకుకూర కచ్చితంగా కొంటారనుకోండి. నాలుగు వారాలు మడిలో ఉంటాయి కాబట్టి 100 స్థానాలు కావాలి. చదరపు మీటరుకు 20 చొప్పున 5 చదరపు మీటర్లు. దానికి 40 గ్రాముల చొప్పున రోజుకు 200 గ్రాముల మేత. పట్టికలో 500 పిల్లల సగటు అదే. వాటిని ఒకే ట్యాంకులో వేయకండి. సుమారు 350 లీటర్ల టబ్బులు మూడు పెట్టి, రెండేసి వారాల తేడాతో 170 చొప్పున వదలండి. రెండు వారాలకోసారి ఆ 170 పిల్లల్ని ఎవరు తీసుకుంటారో మాట్లాడుకున్నాకే మొదటి టబ్బు కొనండి.